విప్పుకోగలిగే అతుకు: పూడిమడక నుంచి ఒక వాల్వు చరిత్ర

అచ్యుతాపురం మీదుగా సముద్రం దాకా వచ్చే దారికి చివర పూడిమడక ఉంది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా అది విశాఖపట్నం జిల్లాలోని ఊరు. సూర చేపల గేలపు వేటకు పేరుమోసిన పెద్ద మత్స్యకార గ్రామం. ఇలాంటి ఊళ్లో వల చిరిగితే దాన్ని బజారుకు మోసుకెళ్లి బాగుచేయించుకునే మాటే ఉండదు. ఇసుకలో కూర్చుని, వల అంచును కాలి బొటనవేలికి తగిలించుకుని, కన్ను వెనక కన్ను వేసుకుంటూ పోతారు. 1980ల నుంచి ఈ తీరానికి వచ్చిన బోటు ఇంజిన్ల విషయంలోనూ అంతే. ప్లగ్గు మార్చడం, కార్బురేటరు విప్పి కడగడం లాంటి పనులకు మెకానిక్కు కోసం ఎదురుచూస్తే ఆ రోజు వేట పోతుంది. అలాంటి చేతులున్న ఇంట్లోనే బండి టైరు వాల్వు తెగిందంటే మాత్రం బండిని తోసుకుంటూ పంచరు షాపుకు వెళ్తారు. దీనికి తరచూ వినబడే కారణాలు రెండు: బండి కొత్త యంత్రం కనుక దాని గురించి తెలియదని ఒకటి, ఈ కాలం వాళ్లకు ఓపిక లేదని రెండోది. సముద్రం మధ్యలో ఇంజిను విప్పగలిగినవాడికి టైరు గురించి తెలియదనడం నమ్మశక్యంగా లేదు. రాత్రంతా గేలం పట్టుకుని కూర్చునేవాడికి ఓపిక లేదనడం అంతకంటే విడ్డూరం. అసలు కారణం మనుషుల్లో లేదు, వస్తువు అతుకులో ఉంది. చేత్తో విప్పుకోగలిగే అతుకు ఉన్నంత కాలం బాగుచేత ఇంట్లోనే ఉంటుంది. అతుకును కాల్చి శాశ్వతంగా మూసేసిన రోజున అది దుకాణానికి వెళ్లిపోతుంది. వాల్వు చరిత్ర ఈ సంగతిని ఒకసారి కాదు, మూడు సార్లు రుజువు చేసింది.

ముందుగా, తెగేది ఏమిటో స్పష్టంగా చెప్పుకోవాలి. వాల్వు అని మనం ఒకే మాటలో అనేస్తాం గాని అందులో భాగాలు రెండు. లోపల స్ప్రింగు మీద ఆడే చిన్న పిన్ను ఒకటి, ఆ పిన్నును మోసే గొట్టం మరొకటి. పిన్ను చెడితే పెద్ద చిక్కు లేదు. చిన్న కీ లాంటి పనిముట్టుతో తిప్పి తీసి, కొత్తది బిగిస్తే సరిపోతుంది, అది నిమిషం పని. గొట్టం తెగడం వేరు కథ. ట్యూబు ఉన్న టైరులో గాలి తగ్గితే, బ్రేకు వేసినప్పుడో ఒక్కసారిగా ఎక్సలేటరు తిప్పినప్పుడో రిమ్ము మీద టైరు కొద్దికొద్దిగా జారుతుంది. టైరుతో పాటు ట్యూబూ జరుగుతుంది. గొట్టం మాత్రం రిమ్ము బొక్కలో ఇరుక్కుని కదలదు. పక్కకు ఒరిగిన వాల్వు కనబడిందంటే లోపల ఈ లాగులాట మొదలైందని అర్థం. మోయాల్సినదానికి మించి బరువు వేసినా, రిమ్ము బొక్క అంచు తుప్పుపట్టి పదునెక్కినా, చివరికి గొట్టం మొదట్లో రబ్బరు చిరిగిపోతుంది. షాపువాడు చూసి చెప్పేది ఒకటే మాట: వాల్వు దగ్గర తెగింది, ట్యూబు మార్చాలి. మిగతా ట్యూబు ఎంత కొత్తదైనా ఆ తీర్పు మారదు. ఎందుకంటే ఆ గొట్టం అడుగున ఉన్న ఇత్తడిని ఫ్యాక్టరీలోనే రబ్బరుతో కలిపి వేడిమీద ఉడికించేశారు, అంటే వల్కనైజు చేసేశారు. మేకు సైజు చిల్లికి ప్యాచీ వేయొచ్చు. లోహాన్ని రబ్బరుకు మళ్లీ అతికించడం సొల్యూషను డబ్బాతో అయ్యే పని కాదు.

గాలి టైరు పుట్టిన తొలి ఏళ్లలోనే ఈ అతుకు తగాదా మొదలైంది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం గాలి టైరు చేశాడు. ఆ ఆలోచనకు రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లాండు ఇంజినీరు నలభై ఏళ్ల క్రితమే పేటెంటు తీసుకున్నాడని తర్వాత బయటపడి, డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. అది వేరే కథ. మన కథకు కావలసింది ఆ తొలి టైర్లను రిమ్ముకు జిగురుతో అంటించేవారన్న సంగతి. 1889లో ఒక సైకిలిస్టు అలాంటి టైరు పంచరై, ఫ్రాన్సులోని క్లెర్మో-ఫెరాలో మిషెలిన్ అన్నదమ్ముల కార్ఖానాకు వచ్చాడట. బాగుచేయడానికి గంటల తరబడి పట్టింది, జిగురు ఆరడానికి రాత్రంతా ఆగాల్సి వచ్చింది. 1891లో మిషెలిన్ వాళ్లు విప్పి తీయగలిగే టైరు తెచ్చారు. అదే ఏడు పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా, తిరిగి పారిస్ దాకా జరిగిన పోటీలో షార్ల్ తెరోం ఆ టైర్లతోనే గెలిచాడు. రెండేళ్ల తేడాలో సైకిలు తొక్కే మనిషి మారలేదు, అతని నేర్పూ మారలేదు. జిగురు పోయి విప్పుకునే అంచు వచ్చింది, అంతే. దానితోపాటే బాగుచేత కార్ఖానా నుంచి రోడ్డు పక్కకు, తొక్కేవాడి చేతిలోకి వచ్చింది. ఇది మొదటి రుజువు.

వాల్వు విషయంలో అలాంటి మేలు చేసింది న్యూయార్కులో స్థిరపడిన ఒక జర్మన్ కుటుంబం. ఆగస్ట్ ష్రేడర్ 1844లో అక్కడ దుకాణం తెరిచి రబ్బరుకు కావలసిన ఇత్తడి బిగింపులు తయారుచేసేవాడు. సముద్రంలో మునిగి పనిచేసేవారి శిరస్త్రాణాలు, వారికి పైనుంచి గాలి పంపే పంపులు ఆయనకు పేరు తెచ్చిన సరుకు. నీళ్లలోని మనిషికి గాలి ఒకవైపే వెళ్లాలి, తిరిగి రాకూడదు. టైరుకు కావలసిందీ అదే. ఆయన కొడుకు జార్జ్ ష్రేడర్ 1893లో టైరు వాల్వుకు పేటెంటు తీసుకున్నాడు. ఈ వాల్వు గొప్పదనం గాలి ఆపడంలో లేదు, ఆ పని చేసే వాల్వులు అప్పటికే వేరేవి ఉన్నాయి. విడదీయగలిగే పిన్ను, ఎక్కడికెళ్లినా ఒకే కొలత ఉన్న మర, ఈ రెండూ దాని గొప్పదనం. గొట్టం పైమర వ్యాసం అంగుళంలో 0.305 వంతు, అంగుళానికి 32 చుట్లు. అచ్యుతాపురం సెజ్‌కు సరుకు తెచ్చే లారీకీ, దాని పక్క నుంచి పోయే మోపెడ్‌కూ అదే మర. ఒకే మూత, ఒకే పిన్ను, ఒకే గాలి పైపు. నూట ముప్పై ఏళ్లు దాటినా మారని కొలతలు యంత్రాల్లో చాలా తక్కువ. మన దేశంలోనూ దీనికి సొంత పరిశ్రమ ఏర్పడింది. 1961లో బొంబాయిలో ష్రేడర్ పేరుతోనే ఒక ఉమ్మడి కంపెనీ వచ్చింది. 1975లో మొదలైన ట్రైటన్ వాల్వ్స్ మైసూరు దగ్గర బెళవాడిలో వాల్వులు చేస్తోంది. ఇప్పుడు మనం కొనే చాలా ట్యూబుల మీద ఉండే ఇత్తడి గొట్టం ఇలాంటి దేశీ కార్ఖానాల నుంచి వచ్చిందే.

కానీ మన పల్లెలకు వాల్వు మొదట ష్రేడర్ రూపంలో రాలేదు, సైకిలుతో వచ్చింది. దాన్ని డన్‌లప్ వాల్వు అనో వుడ్స్ వాల్వు అనో అనేవారు. దాంట్లో స్ప్రింగు లేదు. పక్కన చిన్న రంధ్రమున్న సన్నని ఇత్తడి పుల్ల మీద పలచని రబ్బరు గొట్టం తొడుగుతారు. పంపు కొట్టినప్పుడు గాలి ఆ రబ్బరును ఉబ్బించుకుని లోపలికి పోతుంది, ఆపగానే రబ్బరు రంధ్రాన్ని అంటుకుని మూసేస్తుంది. ఈ రబ్బరునే మనవాళ్లు వాల్‌ట్యూబు అన్నారు. కిరాణా కొట్లో కూడా దొరికేది, జానెడు కొని కావలసినంత కోసుకునేవారు. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాక సైకిలు మధ్యతరగతి నుంచి కూలీ ఇంటిదాకా దిగింది. కోస్తాలో చేపల వ్యాపారం కూడా దానితోపాటే మారింది. అంతకుముందు ఆడవాళ్లు నెత్తిన గంప పెట్టుకుని నడిచి వెళ్లగలిగినంత దూరమే పచ్చి చేప అమ్ముడుపోయేది, మిగిలింది ఉప్పు చేపో ఎండు చేపో కావాల్సిందే. సైకిలు వెనక బుట్ట కట్టుకున్న వ్యాపారి ఆ హద్దును ఎన్నో మైళ్లు లోపలికి జరిపాడు. అందులో లాభం ఎక్కువగా మగవాళ్లకు చేరి, గంప మోసే ఆడవాళ్ల బేరం తగ్గిందన్న సంగతి మరిచిపోకూడదు. ఆ వ్యాపారి బుట్ట అడుగున పంపుతో పాటు వాల్‌ట్యూబు ముక్క కూడా ఉండేది. ఇంకో సంగతి కూడా ముఖ్యం. ఆ కాలపు సైకిలు ట్యూబుకు వాల్వు గొట్టం ఉడికించి అతికించినది కాదు. ట్యూబులోని బొక్కలోంచి గొట్టాన్ని పైకి తీసి, వాషరు వేసి, నట్టుతో బిగించేవారు. వాల్వు సెట్టు విడిగా అమ్మేవారు. గొట్టం పాడైతే నట్టు విప్పి పాతది తీసి కొత్తది పెట్టుకోవడమే. సైకిలు కాలంలో పిన్ను పనీ గొట్టం పనీ రెండూ ఇంటి అరుగు మీదే జరగడానికి కారణం ఈ నట్టే.

మోటారు బండ్లు ఈ నట్టును తీసేశాయి. 1955లో మద్రాసులో రాయల్ ఎన్‌ఫీల్డ్, 1960ల తొలినాళ్లలో మైసూరులో జావా, ఉత్తరాదిన రాజ్‌దూత్ వచ్చాయి. 1980లో హోసూరులో టీవీఎస్ 50 మోపెడ్, 1985లో హీరో హోండా సీడీ 100. వీటి వేగం, వీటి టైర్ల మీద పడే బరువు రెండూ సైకిలు కంటే ఎక్కువ. నట్టుతో బిగించిన వాల్వు అంత తాకిడికి ఎక్కడో ఒకచోట ఊరుతుంది. అందుకే ఇత్తడిని రబ్బరులోకే ఉడికించారు. సాంకేతికంగా అది సరైన నిర్ణయమే. ఆ ట్యూబులు గాలిని బాగా నిలిపాయి, బ్యూటైల్ రబ్బరు వచ్చాక మరీ బాగా నిలిపాయి. కానీ దానికి చెల్లించిన వెల వేరే చోట పడింది. గొట్టం తెగితే ట్యూబు మొత్తం చెత్తకుప్పకే. ట్యూబు మార్చాలంటే చక్రం ఊడదీయాలి, రెండు టైరు లివర్లతో గట్టి అంచును రిమ్ము దాటించాలి, కొత్త ట్యూబును లివరు గీరకుండా లోపల పెట్టాలి. చేతకాక కాదు, ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చే పనికి ఇంట్లో ఇన్ని సామాన్లు ఎవరూ ఉంచుకోరు. అక్కడ పుట్టింది పంచరు షాపు: నీళ్ల తొట్టి, కంప్రెసరు, లివర్లు, ప్యాచీలు. టైర్లు రీట్రేడు చేసే పనితో తెలుగు రోడ్ల పక్కన స్థిరపడి కేరళ పేరు బోర్డు మీద రాసుకున్నవాళ్లు కొందరు, సైకిలు షాపు నుంచి ఎదిగినవాళ్లు కొందరు. మోపెడ్ వెనక ట్రేలు పేర్చి, ఐసు నీళ్లు కారుతుండగా పరిగెత్తించే చేపల వ్యాపారి వాళ్లకు నిత్య గిరాకీ. ఎక్కువ బరువు, తక్కువ గాలి, ఉప్పుతో తుప్పుపట్టిన రిమ్ము మూడూ కలిసిన చోట వాల్వు తెగడం అనుకోకుండా జరిగేది కాదు, తప్పకుండా జరిగేది. వాల్‌ట్యూబు ముక్క జేబులో పెట్టుకుని తిరిగిన వ్యాపారి కొడుకు ఇలా షాపు ముందు బెంచీ మీద కూర్చున్నాడు.

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు: మోటారు బండి రాగానే బాగుచేత షాపుకు వెళ్లిందంటే, కారణం అతుకే అని ఎలా చెప్పగలం? బండి బరువైంది, ఖరీదైంది, చెడిపోతుందేమోనని భయం వేసింది. అది చాలదా? చాలదని చెప్పడానికి ఒక సాక్ష్యం సరిగ్గా అదే కాలంలో, అదే వీధుల్లో తిరిగింది. అది స్కూటరు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ గానీ, 1980ల్లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ చేసిన వెస్పా గానీ తక్కువ ఖరీదైనవేమీ కావు. ట్యూబు అదే రకం, వాల్వు అదే రకం, గొట్టం ఉడికించి అతికించిందే. తేడా రిమ్ములో ఉంది. ఆ చిన్న చక్రం రిమ్ము రెండు రేకులుగా ఉండి నట్లతో కలిసి ఉంటుంది. గాలి పూర్తిగా తీసేసి నట్లు విప్పితే రేకులు రెండుగా విడిపోతాయి, లివరు అవసరం లేకుండానే ట్యూబు చేతికి వస్తుంది. (గాలి తీయకుండా ఆ నట్లు విప్పిన తొందరపాటు వాళ్లకు రేకు ఎగిరి మొహానికి తగిలిన సందర్భాలూ ఉన్నాయి. ఆ హెచ్చరిక చేయకుండా ఈ రిమ్మును మెచ్చుకోకూడదు.) దానికి తోడు వెనక ఎప్పుడూ ఒక స్టెప్నీ చక్రం ఉండేది. స్కూటరు ఉన్న గుమాస్తాలు, టీచర్లు మెకానిక్కులేమీ కాదు. అయినా రోడ్డు పక్కన స్టెప్నీ మార్చుకోవడం, ఇంటికొచ్చి ఆదివారం తీరిగ్గా ట్యూబు వేసుకోవడం ఆ తరానికి మామూలు పని. అదే గుమాస్తా పక్కింటాయన మోటారు సైకిలు వెనక చక్రం పంచరైతే షాపుకు తోసుకెళ్లేవాడు. ఆదాయం ఒకటే, చదువు ఒకటే, భయమూ ఒకటే. ఒకరిని ఇంట్లో కూర్చోబెట్టింది, ఇంకొకరిని షాపుకు పంపింది రిమ్ములోని ఆ అతుకు. ఇది రెండో రుజువు, నా దృష్టిలో మూడింటిలో గట్టిది.

షాపు రేటు గురించిన అభ్యంతరానికి మరికొంచెం బలం ఉంది. మన దేశంలో పనివాడి కూలి తక్కువ కాబట్టి ఇంట్లో చేసుకోవడంలో మిగిలేది ఏమీ లేదు, అమెరికాలో అయితే లేబరు ఖరీదు కనుక గరాజులో చేసుకుంటారు అని వాదిస్తారు. మొదటి సగం నిజమే. కానీ సైకిలు కాలంలో కూలి ఇంకా తక్కువ, సైకిలు షాపులు ఊరికి నాలుగు ఉండేవి, అయినా వాల్‌ట్యూబు ఇంట్లోనే మారేది. చవక కూలి మాత్రమే కారణమైతే ఆ పని ముందే షాపుకు వెళ్లి ఉండాలి. పైగా పూడిమడక లాంటి చోట లెక్కలోకి రావలసింది కూలి ఒక్కటే కాదు, చేపకున్న గడువు కూడా. బోట్లు ఒడ్డుకు వచ్చాక సరుకు అచ్యుతాపురానికో అనకాపల్లికో చేరడానికి ఉన్న సమయం తక్కువ. ఐసు కరుగుతుంటే షాపు తెరిచేదాకా ఆగడానికి పట్టే ధర ప్యాచీ ధర కాదు, ట్రే ధర. అందుకే ఇంటి బాగుచేతకు లాభం లేదనే మాట పట్నంలో నిజమైనా ఒడ్డున పూర్తిగా నిజం కాదు. లాభం ఉండీ జరగలేదంటే అడ్డంకి వేరే ఉందన్నమాట.

ఆ అడ్డంకిని తొలగించింది ట్యూబ్‌లెస్ టైరు, ఎవరూ పెద్దగా గమనించకుండానే. గాలి నిలవడానికి రిమ్ములో చువ్వల చిల్లులు ఉండకూడదు కనుక అది అల్లాయ్ చక్రాలతో పాటు వచ్చింది. 2000ల చివరి నుంచి మన దేశంలో మోటారు సైకిళ్లకూ, గేర్లు లేని స్కూటర్లకూ వేగంగా పాకింది. పుల్ల పెట్టే పంచరు కిట్టు గురించి అందరూ మాట్లాడతారు. వాల్వు సంగతి మాట్లాడరు. ట్యూబు పోయాక వాల్వు గొట్టానికి ఆధారం లేదు. అందుకని దాన్ని మళ్లీ విడి వస్తువుగా చేశారు. అడుగున ఉబ్బుగా ఉండి, పైన గాడి ఉన్న రబ్బరు గొట్టం అది. రిమ్ము లోపలి నుంచి బొక్కలోకి లాగితే గాడి అంచులో పడి టక్కున కూర్చుంటుంది. సాధారణంగా ఆ బొక్క వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, టీఆర్ 412, టీఆర్ 413 అనే నంబర్లు ఆ కొలతవే. ధర కొద్ది పదుల రూపాయలు. అంటే 1950ల సైకిలు ట్యూబు మీద నట్టుతో బిగించిన వాల్వు ఎక్కడ ఆగిపోయిందో అక్కడికే, మోటారు బండి తాకిడికి తట్టుకునే రూపంలో, చరిత్ర తిరిగి వచ్చింది. ఇది మూడో రుజువు కావలసింది. పని కూడా అంత కష్టం కాదు. పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి. చక్రాన్ని ఊడదీసి, డిస్కు ఉంటే అది పైకి వచ్చేలా పడుకోబెట్టి, టైరు ఒక పక్క అంచును రిమ్ము గట్టు మీంచి లోపలికి నొక్కాలి. ఆ సందులోంచి పాత గొట్టాన్ని కత్తితో కోసి తీసేయాలి. బొక్క చుట్టూ ఉన్న మట్టి, తుప్పు రిమ్ము గీరకుండా తుడవాలి. కొత్తదానికి సబ్బునీళ్లు రాసి, మూత బిగించి మరను కాపాడుతూ, బయటి నుంచి తిన్నగా లాగాలి. గాలి నింపాక గొట్టం మొదట్లో సబ్బునీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి.

కానీ మూడో రుజువు ఇంకా పూర్తిగా నిలబడలేదని ఒప్పుకోవాలి. అతుకు విప్పుకోగలిగేదిగా మారినా బాగుచేత ఇంటికి తిరిగి రాలేదు, వాల్వు మార్చడానికి ఇప్పటికీ షాపుకే వెళ్తున్నారు. అంటే నా వాదన ఇక్కడ ఓడినట్టేనా? అలా అనిపించడానికి కారణం ట్యూబ్‌లెస్‌లో అతుకులు రెండు ఉండటం. వాల్వు అతుకు తేలికైంది, కానీ టైరు అంచు రిమ్ము గట్టుకు పట్టుకునే అతుకు గట్టిపడింది. గాలి నిలిపేది ఆ పట్టే కాబట్టి అది గట్టిగా ఉండక తప్పదు. దాన్ని విడదీయడానికి షాపులో యంత్రం ఉంటుంది. ఇంట్లో పలక మీద నిలబడి తొక్కో, ఇంకో బండి సైడు స్టాండు కింద పెట్టి నొక్కో విడదీయాలి. విడదీశాక మళ్లీ కూర్చోబెట్టడం ఇంకా చిక్కు. కాలితో తొక్కే పంపు గాలి సందుల్లోంచే పోతుంది, అంచు పట్టదు. టైరు మధ్యలో చుట్టూ తాడు బిగించి అంచులను బయటికి ఉబ్బేలా చేస్తే కొన్నిసార్లు పడుతుంది, పడకపోతే చక్రాన్ని కంప్రెసరు దగ్గరకు తీసుకెళ్లాల్సిందే. కనుక ఈ అభ్యంతరం నా వాదనను కొట్టేయదు, దాన్ని సవరిస్తుంది. లెక్కించాల్సింది వస్తువులోని ఒక అతుకును కాదు, చేయి ఆ వాల్వును చేరే దారిలో ఉన్న అన్ని అతుకులనూ. తెప్ప విషయమే చూడండి. దుంగలను తాళ్లతో కట్టిన పాత తెప్పను ఒడ్డుకు వచ్చాక విప్పి, ఆరబెట్టి, మళ్లీ కట్టేవారు. దారిలో ఒక్క మూసేసిన అతుకూ లేదు. ఇప్పటి ఫైబరు తెప్పకు రంధ్రం పడితే రెసిన్ పూసే మనిషి కావాలి. వేట నేర్పు తగ్గలేదు, దుంగల మధ్య ముడి పోయింది.

ప్రాణానికి సంబంధించిన అభ్యంతరం మాత్రం తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. ముందు చక్రం వాల్వు ఒక్కసారిగా ఊడితే బండి అదుపు తప్పుతుంది. ఇలాంటి పని ఇంట్లో ప్రయోగం చేయదగ్గదా? దీనికి జవాబు షాపులో ఉందనుకోవడం పొరపాటు. 2008లో అమెరికాలో చైనాలో తయారైన ఇలాంటి టక్కున కూర్చునే (స్నాప్-ఇన్) వాల్వులు పెద్ద ఎత్తున వెనక్కి తీసుకున్నారు. రబ్బరులో ఓజోన్‌ను తట్టుకునే పాళ్లు సరిగా లేక, గొట్టం మొదట్లో పగుళ్లు వచ్చి గాలి పోయింది. వాటిని బిగించింది నిపుణులే. బిగించిన చేయి ఎవరిదన్న దానికంటే రబ్బరు ఎలాంటిదన్నదే అక్కడ ప్రాణం తీసేది. గొట్టాన్ని పక్కకు వంచి మొదట్లో వెంట్రుకవాసి పగుళ్లున్నాయేమో చూడటం ఎవరైనా చేయగలిగిన పరీక్ష. షాపులో రద్దీలో ఎవరూ చేయని పరీక్ష కూడా అదే. టైరు మార్చినప్పుడల్లా వాల్వు కూడా మార్చాలన్న నియమం అందుకే ఉంది. సముద్రపు గాలి ఈ జాగ్రత్తను రెట్టింపు చేస్తుంది. ఉప్పుతేమ అల్యూమినియానికీ ఇత్తడికీ మధ్య చేరితే అల్యూమినియం తినుకుపోయి, మర పట్టేస్తుంది. విప్పుకోవడానికి చేసిన అతుకు విప్పలేనిదిగా మారుతుంది. అల్యూమినియం గొట్టాల్లో మామూలు ఇత్తడి పిన్ను వాడకుండా నికెల్ పూత ఉన్నదే వాడమనడం ఇందుకే. లోహపు మూత కంటే ప్లాస్టిక్ మూత మేలనడమూ ఇందుకే. ఒడ్డున ఉండేవాళ్లకు ఇది ఎవరో చెప్పాల్సిన సంగతి కాదు. ఇంజిన్ను మంచినీళ్లతో కడిగి పెట్టే అలవాటు వాళ్లకు ఎప్పటినుంచో ఉంది.

ఈ ప్రాంతంలోనే టైరు ఎలా చేయాలో తెలిసిన చోటు కూడా ఒకటి ఉండటం విశేషం. అచ్యుతాపురంలో జపానుకు చెందిన యోకొహామా ఆఫ్-హైవే టైర్ల కార్ఖానా 2022 ఆగస్టు 16న ప్రారంభమైంది. కాకపోతే అక్కడ చేసేది ట్రాక్టర్లకూ పొలం యంత్రాలకూ వేసే భారీ టైర్లు, మోపెడ్‌కు కాదు. టైరు చేయడం పక్కూళ్లో జరిగినంత మాత్రాన దాన్ని విప్పే అధికారం ఊరికి రాదు. ఆ అధికారం డ్రాయింగు బల్ల మీద నిర్ణయమవుతుంది. 2022 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో వాహనాలు కూడా ఒక విభాగం. ఇప్పటివరకు దాని దృష్టి విడిభాగాలు, మాన్యువళ్లు, వారంటీల మీద ఉంది. విడిభాగం దొరకడం సగం పనే. వాల్వు ఏ షాపులోనైనా దొరుకుతుంది, అది చేరే దారి మూసి ఉంటే దొరికీ లాభం లేదు. కొత్తగా వస్తున్న ఎలక్ట్రిక్ స్కూటర్లు ఈ ప్రశ్నను ఇంకో మలుపు తిప్పుతున్నాయి. టీవీఎస్ ఐక్యూబ్ లాంటి వాటిలో మోటారు వెనక చక్రంలోనే ఉంది. చక్రం ఊడదీయాలంటే నట్లతో పాటు కరెంటు తీగ కనెక్టరునూ విడదీయాలి. వాల్వు మళ్లీ చవకైన విడి వస్తువే, కాని దాని చుట్టూ ఇంకో అతుకు చేరింది. ఆ కనెక్టరును నీళ్లు దూరకుండా, అయినా మామూలు స్పానరుతో విప్పేలా చేస్తారా, లేక కంపెనీ సర్వీసు సెంటరులో మాత్రమే తెరుచుకునేలా చేస్తారా అన్నదాన్ని బట్టి, పూడిమడకలో ఆ స్కూటరు వాల్వును ఎవరు మారుస్తారో తేలుతుంది.